ఉద్ధరిణెడు నీళ్ళు

మా ఆయనకి బీపీ ఉందని తేలినప్పుడు అమలాపురంలో డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు. "ఆకాశం విరిగి మీద పడ్డా బిళ్ళ మాత్రం మానకండి." మా ఇంట్లోవాళ్ళకి ఒక నియమం చెప్తే చాలు, ప్రాణం పోయేదాకా పట్టుకుంటారు. మాటవరసకి అనడం లేదు.

మొన్న మా పక్కింటావిడ రెండు రోజులుగా వాంతులూ విరేచనాలతో పడి ఉండి కూడా బీపీ బిళ్ళ నోట్లో వేసుకోబోతుంటే చూశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచాను. డాక్టర్ని అడిగి వేసుకొమ్మని చెప్తే సరిపోయేది. కానీ అరిచాను. ఆవిడ బిత్తరపోయి, "మీకేమైందండీ టీచరుగారూ?" అంది. ఏమైందో చెప్పడానికి నోరు రాలేదు. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడితే నా గుండె దడ తగ్గుతుందేమో, ఇంకొకరికి పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

1998, వేసవి

మా అత్తగారు వైశాఖమాసం ఎండల్లో పోయారు. ముక్తేశ్వరంలో మాది వేదం చదువుకున్న ఇల్లు. మామగారు ఘనాపాఠి. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి ఏ సందేహం వచ్చినా, ఇది చేయొచ్చా కూడదా అని ఆయన్నే అడిగేవారు. మా ఆయన సుబ్రహ్మణ్యం ఆయనకి పెద్దకొడుకు. వేదం సగంలో ఆపి మండలాఫీసులో గుమస్తాగా చేరినందుకు తండ్రి ముందు ఎప్పుడూ కాస్త తల వంచుకునే ఉండేవారు. ఇప్పుడు తల్లికి కర్మ చేయాల్సింది ఆయనే. ఇందులోనైనా తండ్రి చేత మాట పడకూడదని పంతం పట్టారు.

మా ఇంటి పద్ధతి కఠినం. కర్త పొద్దున్నే గోదావరిలో మునిగి, తడిబట్టలతో రేవులో కర్మ చేయాలి. ఆ రోజు పని పూర్తయ్యేవరకూ పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. తరవాత ఒక్కపూట భోజనం, రాత్రి కటికనేల మీద పడక. చేయించే బ్రాహ్మడికి ఆ ఎండల్లో చేతినిండా పని. ఆయన వచ్చి, అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం తిరిగిపోయేది. ఇసక మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం.

మొదటి రోజునే మందుల సంగతి వచ్చింది. మా ఆయన పొద్దున్నే రెండు బిళ్ళలు వేసుకుంటారు. ఒకటి బీపీకి, ఒకటి ఒంట్లో నీరు తీయడానికి. కర్మ కాకుండా అవి మింగవచ్చా అని మామగారిని అడిగాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"మందుకి పట్టింపు లేదమ్మాయ్. మందు ఆహారం కాదు. వేసుకోనీ," అన్నారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఎంత దయ ఉందో నాకింకా గుర్తు. భార్య పోయిన దుఃఖంలో ఉండి, అంత నిష్ఠ గల మనిషి, కొడుకు కోసం సడలించిన ఒకే ఒక్క నియమం అది. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. మామగారి మనసు వెన్న అని మా మరిది సూరితో చెప్పాను కూడా.

ఆ రోజు నుంచి మామగారే దగ్గరుండి బిళ్ళలు వేయించేవారు. సంధ్యావందనం చేసుకునే ఉద్ధరిణెతో, ఆ రాగి చెంచాతో, నీళ్ళు పోసేవారు. బిళ్ళ గొంతు దిగడానికి ఎంత కావాలో అంతే, ఒక్క చుక్క ఎక్కువ కాదు. మా ఆయన కళ్ళు మూసుకుని తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకునేవారు.

నేల మీద పడుకుని మా ఆయనకి నడుం పట్టేసింది. సూరి మందులషాపులో నొప్పి బిళ్ళలు తెచ్చాడు. వాటికీ పట్టింపు లేదు కనక పూటపూటా అవీ పడ్డాయి. ఆ తరవాత విరేచనాలు పట్టుకున్నాయి. ఆ సంగతి తండ్రికి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. దొడ్లోకి వెళ్ళి వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, "మూత్రం కూడా సరిగ్గా రావట్లేదే. ఎండకి కాబోలు," అన్నారు. నేనూ ఎండకే అనుకున్నాను. కోనసీమలో ఆ రోజుల్లో ఏం జరిగినా ఎండదే తప్పు.

పదోరోజు బంధువులంతా రేవుకి వచ్చారు. అత్తగారి పేరున ధర్మోదకాలు వదులుతున్నారు. మా ఆయన లేచి నిలబడబోయి, మోకాళ్ళ మీద కూలబడి, అలాగే పక్కకి ఒరిగిపోయారు. శోష వచ్చిందని ఎవరో విసనకర్ర తెచ్చారు. సూరి మొహం మీద నీళ్ళు కొట్టాడు. పది రోజులుగా ఆయన పక్కనే పారుతున్న గోదావరి నీళ్ళు అప్పుడు మొహం మీద పడ్డాయి.

అమలాపురంలో డాక్టరుగారు చేతికి పట్టీ కట్టి మళ్ళీ మళ్ళీ గాలి కొట్టారు. "బీపీ అందట్లేదండీ," అన్నారు. మిషను పాడైందేమో అనుకున్నాను. మా ఇంట్లో బీపీ అంటే పెరగడమే తప్ప తగ్గడం అనేది ఒకటుంటుందని నాకు తెలియదు. సెలైను పెట్టి, కాకినాడ తీసుకెళ్ళండి, ఆలస్యం చేయకండి అన్నారు.

ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు మీదకి కారు ఎక్కించారు. కారులో సూరి సెలైను సీసా ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. మామగారు కూడా వచ్చి కూర్చున్నారు. "ఇంకా కర్మ మిగిలి ఉంది కదండీ మావయ్యగారూ, మీరుండండి," అన్నాను. "సూరి వెనక్కి వచ్చి చేస్తాడు. నేను వస్తాను," అన్నారు. యాభై ఏళ్ళు కాపురం చేసిన భార్య పన్నెండోరోజుకి ఆయన ఊళ్ళో లేరు.

ఐసీయూ

కాకినాడలో పెద్ద డాక్టరుగారు మెత్తగా మాట్లాడే మనిషి. బయట వరండాలోకి వచ్చి, ఈ పది రోజుల్లో ఏం తిన్నారు, ఏం తాగారు, ఏం మందులు వేసుకున్నారు అని అడిగారు. మామగారే జవాబు చెప్పారు. తిండి సంగతి, నీళ్ళ సంగతి చెప్పి, మందుల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కొంచెం లేచింది.

"మందులు మాత్రం ఒక్కపూట మానలేదండీ. నేనే దగ్గరుండి వేయించేను."

డాక్టరుగారు తల వంచుకున్నారు. తరవాత మెల్లగా చెప్పారు. ఒంట్లో నీరు లేనప్పుడు, విరేచనాలు అవుతున్నప్పుడు, ఆ బిళ్ళలే కిడ్నీలని దెబ్బ తీయవచ్చునట. వాటి మీద నొప్పి బిళ్ళలు పడితే మరీనట. అప్పుడు ఎవరినైనా డాక్టర్ని అడిగి ఉంటే ఆపించేవారట. "అదొక్కటే కారణమని నేననను పెద్దాయనా. ఎన్నో ఏళ్ళ బీపీకి కిడ్నీలు ముందే నలిగిపోయి ఉంటాయి," అని కూడా అన్నారు. ఆ రెండో మాట మామగారి చెవిన పడలేదని ఆయన్ని చూస్తే తెలుస్తూనే ఉంది. కండువాతో నోరు మూసుకుని గోడవైపు తిరిగారు.

ఇప్పుడు బీపీని పైకి లేపడానికి రక్తనాళంలోకి ఒక మందు చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తున్నారు. ఇన్నేళ్ళూ దించడానికి తంటాలుపడ్డ దాన్ని లేపడానికి తంటాలు. ఆ మందే తక్కువ మోతాదులో కిడ్నీలకి కూడా మేలు చేస్తుందని ఒక నర్సమ్మ చెప్పింది. ఇంక నేను ఆ సీసాకే మొక్కాను. అద్దంలోంచి లోపలికి చూసినప్పుడు మొదట ఆ చుక్కలు పడుతున్నాయా అని, తరవాత మంచానికి వేలాడుతున్న సంచీలో మూత్రం ఉందా అని. ఆయన మొహం మూడోది.

సంచీ పొడిగా ఉండేది.

మడి కట్టుకున్న ఇంట్లో మూత్రం అనే మాట పైకి అనం. అలాంటిది మామగారు, నేను లోపలికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ, లేచి నిలబడి, "వచ్చిందా అమ్మాయ్?" అని అడిగేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన కూర్చునేవారు. మా ఇద్దరి మధ్యా ఇంకో మాట ఉండేది కాదు. నాకు మాట్లాడాలని కూడా లేదు. ఆయన మీద నాకు కోపంగా ఉంది. పచ్చిగా చెప్పాలంటే, ఆ ముసలాయన ఎదురుగా కూర్చుని ఉంటే లేచి వెళ్ళిపోవాలనిపించేది.

ఆ వరండాలో నాకు తోడుగా ఉన్నది నూకరత్నం. ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసే మనిషి భార్య. చెరువు గట్టున ఆమె మొగుణ్ణి రక్తపింజరి కరిచింది. అతనికీ బీపీ పడిపోయింది, అతనికీ కిడ్నీలు ఆగిపోయాయి. పక్కపక్క మంచాలు. అద్దం దగ్గర ముందు ఎవరు నిలబడితే వాళ్ళు రెండు సంచీలూ చూసి చెప్పేవాళ్ళం.

"మీకు ఇవాళా ఏం లేదండీ. మాకూ లేదండీ," అనేది.

మామగారు ఆస్పత్రి నీళ్ళు ముట్టేవారు కాదు. సూరి ఊరి నుంచి తెచ్చిన నీళ్ళు అయిపోతే అలాగే ఉండిపోయేవారు. ఒకరోజు మధ్యాహ్నం బల్ల మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకి వాలారు. నేను లేచేలోపు నూకరత్నం లేచింది. తన సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది.

"తాగండి ముందు," అంది.

ఆయన సీసా వంక చూశారు.

"ఆయ్, నాకు తెలుసండీ, మీరు మా చేతి నీళ్ళు తాగరండీ. ఇంటికెళ్ళి ఏం చేసుకోవాలో అది చేసుకోండి. మీరూ పడిపోతే ఈ అమ్మగారు ఎంతమందిని చూసుకుంటారండీ? తాగండి ముందు."

ఆయన తాగారు. సీసా సగం అయ్యేవరకూ తాగి, కండువాతో మూతి తుడుచుకుని, "చల్లగా ఉందమ్మా," అన్నారు. కొడుక్కి పొయ్యని నీళ్ళు ఈయన తాగాడే అని నా మనసులో అనుకున్నాను. అంత చెడ్డ మాట నా మనసులోకి వచ్చింది.

కొన్నాళ్ళకి నూకరత్నం అద్దం దగ్గర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "వచ్చిందండీ! మా వోడికి వచ్చిందండీ!" అని నా చేతులు పట్టుకుంది. వెళ్ళి చూశాను. ఆ సంచీ అడుగున ముదురు రంగులో నిజంగానే ఉంది. పక్క సంచీ పొడిగానే ఉంది. ఎవరి బంగారమో చూసి కుళ్ళుకున్నవాళ్ళని నేనెరుగుదును. ఇంకొకరి మొగుడి మూత్రం చూసి కుళ్ళుకున్నదాన్ని నేనే. నవ్వి, "మంచిదమ్మా," అన్నాను. తరవాత బాత్రూములోకి వెళ్ళి గోడకి తల ఆనించి ఏడ్చాను.

వాళ్ళు ఊరికి వెళ్ళే రోజున తన చాపా దిండూ నాకు వదిలేసింది. "మీకూ వస్తదండీ. కొంచెం లేటండీ, అంతే," అంది. ఆ చాప ఇంకా మా ఇంట్లో ఉంది.

ఇంటికి

మాకు రాలేదు. బీపీ నిలబడింది, ఆయన కళ్ళు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచారు. ప్రాణం దక్కింది అన్నారు. కానీ కిడ్నీలు లేవలేదు. ఇలాంటివి చాలామందికి తిరిగి వస్తాయి, కొందరికి రావు, ఇంక మిషను మీదే రక్తం శుభ్రం చేయించుకోవాలి అన్నారు డాక్టరుగారు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు మా బతుకు పంటు మీదే. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి, అక్కణ్ణుంచి కాకినాడ, మళ్ళీ వెనక్కి. వేసవిలో ఇసకమేటల మీద దింపేస్తే నడవాలి. ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేవారు. మా అమ్మాయి అప్పుడు హైస్కూలు చదువులో ఉంది. తండ్రి చేతి మీద సూది గుచ్చిన చోట్లు చూసి ముద్ద మింగలేక లేచిపోయేది.

ఇంటికి వచ్చేటప్పుడు డాక్టరుగారు కొత్త నియమం చెప్పి పంపారు. మూత్రం రాదు కనక తాగిన నీరంతా ఒంట్లోనే ఉండిపోతుంది. నీళ్ళు కొలిచి ఇవ్వాలి, కొలత దాటకూడదు.

నేను గ్లాసుతో కొలిచి ఇస్తే ఒక్క గుక్కలో అయిపోయేవి. తరవాత పిల్లాడిలా చెంబు వైపు చూసేవారు. దాహానికి నాలిక అంగిలికి అంటుకుపోయేది. "ఒక్క గుక్కే," అని నా కొంగు పట్టుకునేవారు. నేను కసురుకునేదాన్ని. కసురుకోకపోతే ఇచ్చేస్తానని భయం. ఒకరోజు మామగారు ఇదంతా చూసి, లోపలికి వెళ్ళి, ఉద్ధరిణె తెచ్చారు.

"చెంచాతో ఇస్తే ఎక్కువసేపు తాగినట్టుంటుందిరా," అన్నారు.

అదే రాగి చెంచా. మంచం పక్కన కూర్చుని, గ్లాసులో నీళ్ళు ఉద్ధరిణెతో తీసి ఒక్కొక్కటే నోట్లో పోసేవారు. మా ఆయన అప్పట్లాగే కళ్ళు మూసుకుని పుచ్చుకునేవారు. గ్లాసు అయిపోయాక మామగారు చెంచా బోర్లించి చూపించేవారు. ఒకసారి మా ఆయన నవ్వి, "ఏమిటో నాన్నగారూ, మీ చేతి నీళ్ళు నాకెప్పుడూ ఉద్ధరిణెడే," అన్నారు. హాస్యానికే అన్నారు. ఆయనకి తండ్రి మీద కోపం లేదు, ఒక్కరోజు కూడా లేదు. మామగారు లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపటికి గానీ రాలేదు.

నాకు కోపం ఉండిందా అంటే, ఉంది. కానీ రోజూ పొద్దున్నే ఆ వంగిపోయిన వీపు మంచం పక్కన కనబడితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

2000 దాటిన తరవాత మిషను దగ్గర ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. ఖాళీగా ఉన్నప్పుడు మాట్లాడేవాడు. మాటల్లో ఐసీయూలో ఎక్కించిన మందు సంగతి చెప్పాను. కిడ్నీల కోసం ఆ సీసాకి ఎంత మొక్కుకున్నానో చెప్పాను. అతను మొహమాటంగా, "కిడ్నీలకి మంచిదని అప్పుడందరూ అలాగే ఇచ్చేవారమ్మా. ఇప్పుడు అందుకోసం ఇవ్వట్లేదు. దానివల్ల కిడ్నీలకి ఉపయోగం లేదని తేలింది," అన్నాడు. వాళ్ళ తప్పు లేదు, అప్పటికి తెలిసింది అంతే. మామగారికి తెలిసిందీ అంతే. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ మంచే చేశారు. అందరి మంచీ కలిసి మా ఆయన్ని ఆ మంచం మీద పడేసింది. ఇది తల్చుకుంటే నాకు ఎవర్ని తిట్టాలో కూడా తెలియదు.

2002, శ్రావణం

వరద వచ్చింది. పంటు ఆపేశారు. రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రోడ్ల మీద నీళ్ళు. మిషను మీద పడుకోవాల్సిన రోజు దాటిపోయింది. మర్నాడు ఎలాగో బయల్దేరాం. దారంతా ఆయన కారు సీటులో ముందుకు వంగి ఊపిరి కోసం కొట్టుకున్నారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది అన్నారు. ఆస్పత్రికి చేరాం. మిషను దాకా చేరలేదు. చివరికి ఏమైనా చెప్పారా అని అందరూ అడిగారు. ఏమీ చెప్పలేదు. ఊపిరి అందని మనిషి ఏం చెప్తాడు?

నీళ్ళు లేక మొదలైంది నీళ్ళు ఎక్కువై ముగిసింది. నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఎందుకు బతికించుకున్నామో అని అనుకున్న రోజులున్నాయి. అంతకన్నా ఎక్కువ, ఇంకొక్క ఏడాది ఇచ్చినా అలాగే పంటు ఎక్కేదాన్ని అనుకున్న రోజులున్నాయి.

మాకు ఒక్కతే కూతురు కనక కర్మ సూరి చేశాడు. అతనికీ అప్పటికి బీపీ వచ్చింది. రేవులో మెట్లు సగం మునిగి ఉన్నాయి. పై మెట్టు మీద చేయిస్తున్నారు. మబ్బు పట్టి ఉంది, ఎండ కూడా లేదు. సూరి తడిపంచెతో కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళతో గట్టు మీద కూర్చున్నాను.

మామగారు మెట్లు దిగి వచ్చారు. అప్పటికి ఆయనకి చూపు సరిగ్గా ఆనదు. చేతిలో చెంబు ఉంది.

"బిళ్ళ వేసుకున్నావా?" అని అడిగారు.

"ఆయ్. డాక్టరుగారిని అడిగేను నాన్నగారూ. వేసుకోమన్నారు, నీళ్ళు మాత్రం తగ్గించొద్దన్నారు," అన్నాడు సూరి.

"అయితే తాగు ముందు."

చేయిస్తున్న బ్రాహ్మడు మంత్రం ఆపేశాడు. "ఇంకా కర్మ కాలేదండీ ఘనాపాఠిగారూ," అన్నాడు మెల్లగా, ఆయనకి చెప్పడమేమిటన్నట్టు.

"నాకు తెలుసు. తాగు ముందు."

నాకు నూకరత్నం గుర్తొచ్చింది. ఈ చెంబెడు నీళ్ళు ఈ రేవులోనే, నాలుగేళ్ళ కిందట పోసి ఉంటే, అని లేచి అరవబోయాను. ఈలోపే సూరి చెంబు ఎత్తి గటగటా తాగాడు. మామగారు ఖాళీ చెంబు అందుకుని, మెల్లగా ఇంటికి నడిచి వెళ్ళి, మళ్ళీ నింపుకుని వచ్చారు. సూరి చాలన్నాడు. ఇంకెవరూ అడగలేదు. కర్మ పూర్తయ్యేదాకా ఆయన ఆ నిండు చెంబు పట్టుకుని మెట్ల మీద అలాగే నిలబడ్డారు.